పన్నెండో నట్టు

పదకొండు గంటలకు పంకా తిరగడం మొదలైంది. పన్నెండింటికి ఆపాలి, చుట్టూ ఉన్న టవర్లవాళ్లు మాకు ఇచ్చింది ఈ ఒక్క గంటే. మొదట గాలి కదిలిన చప్పుడు, తర్వాత తడిబట్ట జాడించినట్టు ఒక్కో దెబ్బ, ఆ తర్వాత దెబ్బలన్నీ కలిసిపోయి చెవుల్లోంచి దిగి ఛాతీలో కూర్చుంటాయి. నేను గోడకు ఇవతల ఇనప స్టూలు మీద కూర్చున్నాను. గోడ మూడడుగుల మందం. కోకాపేట అంతా బండలుగా ఉన్న రోజుల్లో రాయి కొట్టి తీసుకుపోగా మిగిలిన గుంట ఇది, అందులో మా షెడ్డు, షెడ్డు వెనక ఈ గుండ్రటి గోడ, గోడ లోపల పంకా. పైన ఎక్కడో ముప్పయ్యో అంతస్తులో ఒకాయన రోజూ కప్పు పట్టుకుని బాల్కనీలోంచి కిందికి చూస్తాడు. ఇక్కడేం తిరుగుతోందో ఆయనకు తెలియదు, చప్పుడవుతోందని మాత్రం తెలుసు, ఫిర్యాదు రాయడానికి అంత తెలిస్తే చాలు. ఇది ఇద్దరు కూర్చుని ఎగరాల్సిన హెలికాప్టర్. ఇంకా ఎగరలేదు. కూర్చోవడానికి సీట్లు కూడా లేవు. పంకా ఉంది, పంకాను నడుమ పట్టుకునే హబ్ ఉంది, హబ్‌కు మూడు చేతులు, చేతికో రెక్క, రెక్కకు నాలుగు బోల్టులు, మూడు నాలుగుల పన్నెండు. ఆ పన్నెండు బోల్టుల నట్లూ పొద్దున బిగించింది నేను. బిగించానని కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఈ గంటసేపు, మామూలు కంటే ఎక్కువ వేగంతో, ఆగకుండా తిరిగితే రేపు హబ్‌ను మిషన్ మీదికి ఎక్కిస్తారు. తిరగకపోతే మళ్లీ మొదటి నుంచి.

ఈ గంట నాకు కూర్చోవడం తప్ప పని లేదు. పని లేని గంట నాకు పడదు. చేతిలో ఇనుము లేకపోతే చేతులు వేరేవాళ్లవిలా ఉంటాయి, మోకాళ్ల మీద పెట్టుకుంటే బరువు, జేబులో పెట్టుకుంటే ఫోన్ తగులుతుంది. ఫోన్ తగిలితే ప్రవళిక గుర్తొస్తుంది. ప్రవళిక నా భార్య తమ్ముడు రాజలింగం కూతురు. పొద్దున పదిన్నరకు చేసింది. మామా, నాయనను దవాఖానల వేసినం, రెండు కిడ్నీలు పోయినయంట, నిన్ను ఒక్కసారి చూడాలంటున్నడు. నాకు పని ఉన్నదన్నాను. మాపటికి రా మామా. మాపటికి గూడ పని ఉన్నది. వెనక ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఇనప మంచం జరుపుతున్నారు. తొమ్మిదేండ్లాయె మామా, అంది చివరికి. నీకు తొమ్మిదేండ్లు, నాకు నిన్న, అని పెట్టేశాను. మంచి జవాబు చెప్పానని అప్పుడు అనిపించింది. ఇప్పుడు ఈ చప్పుడులో దాన్ని మళ్లీ చెప్పుకుంటే అంత మంచిగా లేదు. గోడ లోపలికి ఫోన్ తీసుకుపోకూడదు, అది ఇక్కడి నిబంధన, ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా తప్పలేదు, ఈ పొద్దున ఎందుకు తీసుకుపోయానో నన్ను నేనే అడగలేదు. రెండు రోజులుగా ఆ పిల్ల చేస్తూనే ఉంది. చేస్తే ఎత్తకూడదనుకున్నాను. ఎత్తకూడదనుకునేవాడు ఫోన్ బయట పెట్టి పోతాడు.

ఈ హబ్ మూడోది. మొదటిది లాగుడు పరీక్షలో పగిలింది, వెంట్రుకంత పగులు, ఎక్స్‌రేలో నల్లగా కనిపించింది. అవినాష్ దాన్ని చేత్తో పట్టుకుని పెళ్లిచూపులు తప్పిపోయినవాడిలా కూర్చున్నాడు. అవినాష్ ఇక్కడ పెద్ద, ముప్పై నాలుగేళ్లు, మేం అందరం కింద. రెండో హబ్ నేనే పక్కన పడేశాను, ఒక రంధ్రం నూలుపోగులో సగమంత పక్కకు జరిగింది, వాడుకోవచ్చండీ అన్నాడు అవినాష్, నువ్వు కూర్చుంటవా దాని కింద అన్నాను. మూడోదానికి నాలుగు నెలలు పట్టింది. జీడిమెట్లలో ఇరవై నాలుగేళ్లు లేత్ మిషన్ మీద నిలబడ్డాను, మందుల కంపెనీల పంపులు, కవాటాలు, పళ్ల చక్రాలు, ఏది చేసినా దాన్ని ఎవరో తీసుకుపోయేవారు, ఎక్కడ తిరుగుతోందో తెలిసేది కాదు. ఇది నా ఎదురుగా తిరుగుతోంది. తిరిగేటప్పుడు ఒక్కో రెక్క ఆరు టన్నుల బలంతో బయటికి లాక్కుంటుంది. నిండు ఇసుక లారీని తాడు కట్టి గిరగిరా తిప్పుతున్నట్టు, అలాంటివి మూడు. దాన్ని పట్టుకునేవి నాలుగేసి బోల్టులు. టార్క్ రెంచ్‌తో బిగిస్తాం, సరిపోయినంత బిగిసినప్పుడు రెంచ్ లోపల టిక్‌మంటుంది, చేతికి తెలుస్తుంది. టిక్‌మన్నాక ఎర్ర రంగు కలంతో నట్టు మీద నుంచి హబ్ మీదికి ఒక గీత గీస్తాను. నట్టు కదిలితే గీత విరుగుతుంది. గీత లేదంటే బిగించలేదని. టిక్‌మనకుండా గీత గీయడమనేది నా చేతికి తెలియదు. నేను సంతకం పెట్టాక అవినాష్ కూడా చూసి పెట్టాలి, అది పద్ధతి. ఆయన చూడడు. మీరు చూశాక నేను చూసేదేముందండీ నర్సింలు గారూ, అంటాడు. ఆ మాట నాకు ఇష్టం. ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదు.

పన్నెండు నిమిషాలు దాటాయి. ఛాతీలో చప్పుడు స్థిరంగా ఉంది. బాగా తిరిగే యంత్రం చప్పుడులో ఏ మాటా ఉండదు, ఏదో మాట వినిపిస్తోందంటే ఎక్కడో వదులైందని. రాజలింగం కూడా ఫిట్టరే. వాడికి పని నేర్పింది నేనే. రెంచ్ పట్టుకోవడం, నట్టును ఎదురెదురుగా బిగించడం, ఒకదాని పక్కది కాదు, ఎదుటిది, మళ్లీ దాని పక్కది. వాణ్ని ఒక మందుల కంపెనీలో పెట్టించింది నేనే, నా భార్య వసంతను ప్యాకింగ్‌లో పెట్టించింది వాడు. అక్కాతమ్ముళ్లు ఒకే షిఫ్టు, ఒకే టిఫిన్ డబ్బా. పైపుల జాయింట్లు నలభై ఉంటాయి, నెలకోసారి ఒక్కోదాన్నీ చూసి సంతకం పెట్టాలి. తొమ్మిదేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఒక జాయింట్ కారి, ఆవిరి లేచి, అంటుకుంది. ముగ్గురు పోయారు, ముగ్గురూ ప్యాకింగ్ ఆడవాళ్లు, ఒకతె వసంత. కరెంటు వైర్ల వల్ల అన్నారు, కాగితాలన్నీ కాలిపోయాయి, ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. పదోరోజు కర్మ దగ్గర వాడే నా ముందుకు వచ్చాడు. గుండు మీద నీళ్లు కారుతున్నాయి, చేతులకు కట్లు. బావా, ఆ జాయింట్ నేను చూడలె, చూడకుండ సంతకం పెట్టిన. నలభైల ముప్పైతొమ్మిది చూసిన, ఛాయ్‌కి పిలిస్తే పోయిన. అంతే అన్నాడు. వాడు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, పోలీసులకు తెలిసేది కాదు, దేవుడికి తెలిసినా ఆయన చెప్పేవాడు కాదు. నేను కొట్టలేదు. మా మధ్యనున్న పిండం ఆకుకు అవతలివైపు నుంచి చెప్పాను, ఇగ నా గడప తొక్కకు. చుట్టాలందరికీ చెప్పాను, వాడుంటే నేను రాను. వాళ్లు నన్నే పిలిచారు. ప్రవళిక పెళ్లికి తండ్రి లోపల ఉంటే నేను రానన్నాను, వాడు ఫంక్షన్ హాల్ బయట కుర్చీ వేసుకుని కూర్చుంటానని కబురు పంపాడు, అయినా నేను పోలేదు. వాడు ఆ రోజు మంటలోకి పోయి ఇద్దరిని లాక్కొచ్చాడని, మూడోసారి పోతుంటే పట్టుకున్నారని, చేతులు అందుకే కాలాయని అందరూ చెప్పారు. నేను చూడలేదు.

వసంత నుదుట పెద్ద బొట్టు పెట్టారు, రూపాయి బిళ్లంత. ముఖంలో మిగిలింది నుదురే. బొట్టుతో పోయింది, అదృష్టవంతురాలు అని ఆడవాళ్లు అన్నారు. నాకు అప్పటి నుంచి కుంకుమ పడదు. ఇక్కడ ప్రతి పరీక్షకు ముందూ పూజ చేస్తారు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, లెక్కలు చేసేవాళ్లు కూడా చెప్పులు విడిచి నిలబడతారు, నేను ఏదో పని పెట్టుకుని అవతలికి పోతాను. ఈ పొద్దున ఫోనే పనైంది. మెట్ల మీద నిలబడి ప్రవళికతో మాట్లాడి, పెట్టేసి, బీడీ లేదు కాబట్టి ఊరికే నిలబడి, లోపలికి వచ్చేసరికి పూజ అయిపోయింది, కొబ్బరినీళ్లు నేల మీద ఉన్నాయి. అవినాష్ కాగితం పట్టుకుని ఉన్నాడు. సంతకం పెట్టండి నర్సింలు గారూ, టైమవుతోంది, ఆలస్యమైతే పైనుంచి మళ్లీ ఫోన్లు. హబ్ వైపు చూశాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. పన్నెండు. పెట్టాను.

పదకొండూ పద్దెనిమిదికి కొమురమ్మ ఛాయ్ తెచ్చింది. ఇక్కడ ఊడ్చేది, కడిగేది, కాయ కొట్టేది ఆమే. పాలమూరు మనిషి, నానక్‌రామ్‌గూడ పాతూళ్లో ఒక్క గది కిరాయికి ఉంటుంది, షేర్ ఆటోలో వస్తుంది, ఈ షెడ్డులో నన్ను చూసి భయపడని ఒకే ఒక్క మనిషి.

“మొఖం గట్ల పెట్టినవేంది సారూ? పంకా నీ నెత్తి మీద తిరుగుతున్నట్టున్నవ్.”

“ఛాయ్ ఆడ పెట్టి పో.”

“పోత తీ. మూతి ముడుసుకునే పని నీకు, పొయ్యే పని నాకు.” గ్లాసు పెట్టి కొంగుతో చేయి తుడుచుకుంది. “జర ఒక మాట జెప్తా, కోపం జేస్తవేమో. పొద్దున నువ్వన్నిటికి ఎంత మంచిగ బొట్లు పెట్టినవ్, గా ఒక్కదాన్ని ఎందుకు ఇడిసిపెట్టినవ్?”

“ఏ ఒక్కదాన్ని?”

“గదే, గోడ దిక్కు ఉన్న రెక్కకు, ఆఖరిది. అన్నిటికి ఎర్రగ ఉన్నది, దానొక్కదానికి నొసలు బోసిగున్నది. మంచిపొద్దు, పూజ జేస్తున్నం, ఒక్కదాన్ని గట్ల ముండమోసిన దానిలెక్క ఇడిసిపెడితే మంచిగుంటదా? నేనే పెట్టిన. నీ లెక్కనే నిలువుగ పెట్టిన, గుండ్రం పెట్టలె. తేడా ఎరుకైందా నీకు? కాలె గదా?” గర్వంగా నవ్వింది. “నా చెయ్యి గూడ నీ చెయ్యి లెక్కనే ఆడుతది సారూ.”

ఛాయ్ మీద మీగడ కట్టింది. కట్టిన మీగడ పంకా చప్పుడుకు సన్నగా వణుకుతోంది, గుండ్రంగా, నడుమ నుంచి అంచులకు. కొమురమ్మ పోయింది. నేను గ్లాసు వైపే చూస్తున్నాను. గోడ దిక్కు రెక్క, ఆఖరిది. మూడో చెయ్యి, నాలుగో బోల్టు. పన్నెండోది. ఒకటి టిక్, గీత. రెండు టిక్, గీత. ఎదురెదురుగా, ఎదురెదురుగా. పదకొండో టిక్ గుర్తుంది, గీత గీసి కలం మూత నోటితో పట్టుకున్నాను, రంగు వాసన వచ్చింది, అప్పుడు తొడ మీద ఫోన్ వణికింది. ఆ తర్వాత రెంచ్ ఎక్కడుంది? నేల మీద గుడ్డ పరిచి పెట్టాను. వచ్చాక గుడ్డ మీద నుంచే తీసి పెట్టెలో పెట్టాను. నడుమ దాన్ని ముట్టుకున్నానా? పన్నెండోది బిగించి, గీత గీసేలోపు ఫోన్ వచ్చిందా? పదకొండోది గీసి, పన్నెండోదానికి రెంచ్ పెట్టేలోపు వచ్చిందా? టిక్ కోసం చేతిని అడిగాను. ముప్పై ఏళ్లుగా ఏది అడిగినా చెప్పిన చెయ్యి ఏమీ చెప్పలేదు.

మూడో తరగతిలో ఉన్నప్పుడు సారు హాజరు పిలుస్తుంటే, రానివాడి పేరుకు నేను ఉన్నాను సార్ అన్నాను. ఎడ్లను తోలుకుపోయాడు వాడు, వాడికి దెబ్బలు పడకూడదని. సారు పుస్తకంలో గీత పెట్టాడు. తర్వాత తల లెక్కపెట్టాడు, ఒకటి తగ్గింది. నన్ను నిలబెట్టి అన్నాడు, ఎవడో పలికితే పిల్లగాడు వచ్చినట్టు కాదురా. గీత ఉంది కాబట్టి బాయిలో పడ్డా ఎవడూ వెతకడు. నాలుగు దెబ్బలు కొట్టాడు. నాలుగూ గుర్తున్నాయి, ఆ మాట అంతకంటే గుర్తుంది. పన్నెండో నట్టు పేరుకు కొమురమ్మ కుంకుమ పలికింది. నేను హాజరు వేశాను. నేను తల లెక్కపెట్టలేదు. ఎరుపును లెక్కపెట్టాను. ఎర్ర రంగు మెరుస్తుంది, కుంకుమ మెరవదు, పసిపిల్లాడు కూడా తేడా చెప్తాడు. నా కళ్లు హబ్ మీద ఉన్నాయి, నేను దవాఖానలో ఉన్నాను. ఇనప మంచం జరుపుతున్న చప్పుడు వింటున్నాను.

బిగించే ఉంటాను. ముప్పై ఏళ్ల చెయ్యి. బిగించి ఉంటాను, గీతే మరిచి ఉంటాను. బిగించకపోయినా చేత్తో తిప్పి పెట్టినదే కదా, ఊడదు. ఊడినా ఇంకా మూడున్నాయి ఆ రెక్కకు. మూడు పట్టుకుంటాయి. పట్టుకోకపోనూవచ్చు. లెక్క నాకు రాదు, లెక్క వచ్చినవాళ్లు నాలుగు పెట్టారు, మూడు చాలితే మూడే పెట్టేవాళ్లు. ఇరవై ఆరు నిమిషాలు తిరిగింది, ఏమీ కాలేదు. ఆ జాయింట్ కూడా మూడు వారాలు ఏమీ కాలేదు. ఇంకో ముప్పై నాలుగు నిమిషాలు. పంకా ఆగాక ముందు నేనే లోపలికి పోతాను, ఎప్పుడూ నేనే పోతాను, జేబులో గుడ్డతో కుంకుమ తుడిచి, రెంచ్ పెట్టి, టిక్‌మనిపించి, గీత గీస్తే ఎవరికి తెలుస్తుంది? కొమురమ్మకు కూడా తెలియదు తను ఏం చెప్పిందో. ఈ ఆలోచన ఎంత తొందరగా వచ్చింది. ఎవరో తయారుచేసి పెట్టినట్టు వచ్చింది. నా లోపల అది ఎన్నేళ్లుగా కూర్చుందో. రాజలింగానికి కూడా వచ్చే ఉంటుంది. కాగితాలు కాలిపోయాయి, వాడు తుడవాల్సింది కూడా ఏమీ లేదు, నోరు మూసుకుంటే చాలు. తొమ్మిది రోజులు మూసుకున్నాడు. పదోరోజు మూసుకోలేకపోయాడు. దాన్ని నేను ఎప్పుడూ ఇటువైపు నుంచి చూడలేదు. చూడదలచుకోలేదు. ఇప్పుడు కూడా చూడదలచుకోలేదు.

గోడలో తూర్పు వైపు ఒక కిటికీ ఉంది. రెండు చేతుల వెడల్పు, మందపాటి పలక, అద్దంలా ఉంటుంది గానీ అద్దం కాదు. పదకొండూ నలభై ఐదుకు ఉమాశ్రీ, ఇక్కడ లెక్కలు చేసే పిల్ల, అక్కడికి పోతుంది. చేతిలో మిణుకుమిణుకుమనే లైటు పట్టుకుని రెక్కల కొసల మీద వేస్తుంది, ఆ మిణుకులో తిరిగే రెక్కలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయట, మూడూ ఒకే ఎత్తులో పోతున్నాయా లేదా చెప్తుంది. కెమెరా పెట్టాలి, తెప్పిస్తున్నారు, రాలేదు. కొసలు కనిపించాలి కాబట్టి కిటికీ రెక్కల ఎత్తులోనే ఉంది. ఆ పలక పిట్టను ఆపుతుంది, రాయిని ఆపుతుంది. ఆరు టన్నులను ఆపదు. ఉమాశ్రీది కాకినాడ వైపు, అందరినీ అండీ అంటుంది, కొమురమ్మను కూడా అంటుంది, కొమురమ్మ మొదటిసారి వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూసింది. పొద్దున టిఫిన్ తినదు, కిటికీ దగ్గరికి పోయే ముందు ఒక బిస్కెట్ నోట్లో పెట్టుకుంటుంది. వసంత ఆ రోజు టిఫిన్ డబ్బాలో ఏం పెట్టుకుపోయిందో నాకు తెలియదు. అడగలేదు. రోజూ అడిగేవాణ్ని కాదు, ఆ రోజే ఎందుకు అడుగుతాను. పదకొండూ ముప్పై మూడు. ముప్పై నాలుగు. చప్పుడులో ఏమైనా మాట ఉందా అని చెవి పెట్టాను. ఉన్నట్టుంది. లేనట్టుంది. మనసు వదులైతే ప్రతి చప్పుడులోనూ మాట వినిపిస్తుంది.

లేచాను. స్టూలు పడింది, ఎవరికీ వినపడలేదు. అవతల గదిలో అవినాష్, ఉమాశ్రీ తెరల ముందు కూర్చున్నారు, చెవులకు చప్పుడు ఆపే డిప్పలు. తెర మీద గీతలన్నీ చదునుగా పోతున్నాయి. అవినాష్ బొటనవేలు పైకి చూపించాడు. నలభై ఒకటి. ఉమాశ్రీ బిస్కెట్ పొట్లం విప్పుతోంది.

“అమ్మా, ఇయ్యాల కిటికీ కాడికి పోకు” అన్నాను.

డిప్ప ఒక చెవి మీద నుంచి తీసింది. “ఏమండీ?”

“కిటికీ కాడికి. పోకు. దుమ్మున్నది దాని మీద. ఏం కనవడది.”

“పొద్దున్నే తుడిచేశానండి. మీరే చూశారుగా.” నవ్వి లైటు చేతిలోకి తీసుకుంది. “మీకు బిస్కెట్ కావాలాండీ?”

బిస్కెట్ నా చేతిలో పెట్టింది. పెట్టి తలుపు వైపు నడిచింది. నలభై మూడు. అప్పుడు కూడా, ఆ నాలుగు అడుగులు ఆమె వేస్తుండగా కూడా, నేను ఇంకో అబద్ధం కోసమే వెతుకుతున్నాను. కడుపులో నొప్పి అనాలా, వైరు కాలిన వాసన అనాలా, నూనె కారుతోందనాలా. ఏ అబద్ధమైనా పంకాను ఆపుతుంది. ఏ అబద్ధమైనా రేపు మళ్లీ నన్ను నర్సింలు గారిగానే ఉంచుతుంది. బల్ల మీద ఎర్ర మీట ఉంది, దాని మీద మూత, ఆరేళ్లలో ఎవరూ ఆ మూత తీయలేదు. తీశాను. కొట్టాను.

చప్పుడు ఛాతీలోంచి లేచిపోయింది, నొప్పి పోయినట్టు కాదు, పన్ను పీకినట్టు. అవినాష్ కుర్చీ వెనక్కి జరిగింది. ఏమైందండీ, ఏమైంది, అన్నీ బాగున్నాయి కదా, నలభై మూడు నిమిషాలండీ, నలభై మూడు. ఉమాశ్రీ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తోంది, బుగ్గలో బిస్కెట్ ఉంది. పంకా చప్పుడు మళ్లీ విడివిడి దెబ్బలైంది. నోరు తెరిచాను. అబద్ధం ఒక్కటీ రాలేదు, లేదా అన్నీ ఒకేసారి వచ్చి గొంతులో ఇరుక్కున్నాయి, వాటి పక్క నుంచి ఈ మాట బయటపడింది. “ఆఖరి నట్టు నేను చూడలె. చూడకుండ సంతకం పెట్టిన.”

నా గొంతు కాదు. ఆ మాటను తొమ్మిదేళ్లుగా నేను వింటున్నాను, లేచినప్పుడు, పడుకున్నప్పుడు, బస్సులో, లేత్ ముందు, ఎప్పుడూ ఒకే గొంతుతో వింటున్నాను, గుండు మీద నీళ్లు కారుతున్న వాడి గొంతుతో. ఇప్పుడు అది నా పళ్ల మధ్య నుంచి వచ్చింది, జాయింట్ బదులు నట్టు, మిగతాది ఒక్క అక్షరం మారలేదు. దాన్ని అనేవాడికి నోరు ఎంత ఎండుతుందో నాకు అప్పుడు తెలియదు.

పంకా పూర్తిగా ఆగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా తలుపు తెరుచుకోదు. తలుపు ముందు నిలబడ్డాం. తర్వాత లోపలికి పోయాం. వేడెక్కిన ఇనుము వాసన, ఎండిన కొబ్బరి వాసన. గోడ వైపు రెక్క. కొమురమ్మ పెట్టిన కుంకుమ గాలికి చాలావరకు రాలిపోయింది, కొంచెం మాత్రం నట్టు మూలలో పట్టుకుని ఉంది. రెంచ్ తీసి ఇచ్చాను, నట్టుకు నేను పెట్టలేదు. అవినాష్ పెట్టాడు. టిక్‌మనలేదు. నట్టు తిరిగింది. మెత్తగా, సీసా మూత తిరిగినట్టు, పావు చుట్టు, అర చుట్టు, ఇంకా తిరుగుతూనే ఉంది. నేను నేల వైపు చూశాను. చాలాసేపటికి టిక్‌మంది.

ఉమాశ్రీ తూర్పు కిటికీ వైపు చూసింది, తర్వాత చేతిలోని లైటు వైపు చూసింది, దాన్ని మెల్లగా నేల మీద పెట్టింది. అవినాష్ చెమట తుడుచుకున్నాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరవాలి. “చెప్పారు కదండీ, అది చాలు” అన్నాడు, “నేను కూడా చూడకుండానే పెట్టాను, మీ కింద నా సంతకం ఉంది. రేపు మళ్లీ తిప్పుదాం.” అర నిమిషం కూడా పట్టలేదు ఆయనకు. నాకు కోపం వచ్చింది. అంత సులువుగా ఎలా అంటారు? ఎవరిచ్చారు వీళ్లకు అలా అనేసే అధికారం? తలుపు దగ్గర కొమురమ్మ నిలబడి ఉంది, ఎవరో చెప్పినట్టున్నారు, చీపురు రెండు చేతులతో పట్టుకుంది. “నా బొట్టు వల్లనా సారూ? నా వల్లనే అయ్యిందా?” అవును అనడం చాలా సులువు. సగం నిజం కూడా.

“నీ బొట్టుది ఏం లేదు” అన్నాను. “చూసేది నా పని.”

మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. బాల్కనీలో ఆయన కప్పు పట్టుకుని ఉన్నాడు, చప్పుడు ముందే ఆగిందని చేతి గడియారం చూసుకుంటున్నాడు. చేతిలో బిస్కెట్ పొడి పొడి అయిపోయింది. ఫోన్ తీశాను. ప్రవళిక ఒక్క రింగుకే ఎత్తింది, మామా అంది, ఏడుపు కాదు, భయం. మీ నాయనకు ఇయ్యి, అన్నాను. గుసగుసలు, గుడ్డ రాసుకున్న చప్పుడు, తర్వాత ఊపిరి. కవాటం సరిగ్గా మూసుకోని పంపు ఊపిరి. ముందు మాట్లాడే హక్కు తనకు లేదని వాడికి తెలుసు, నేనే నేర్పాను.

“రాజలింగం, ఇయ్యాల నా నట్టొకటి వదులుగ ఉండె. చూడకుండ సంతకం పెట్టిన.”

ఊపిరి ఆగింది. మళ్లీ వచ్చింది.

“ఎవరికన్న దెబ్బ తగిలిందా బావా?”

తొమ్మిదేళ్ల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి మాట. ఎందుకు ఫోన్ చేశావని కాదు. ఎట్లున్నవని కాదు.

“లే. ఆపిన.”

“ఆపినవా” అన్నాడు. అవతల ఇనప మంచం కిర్రుమంది, ఎవరో ముక్కుకు ఏదో సర్దుతున్నారు, వాడు వద్దంటున్నాడు. “మంచిది బావా” అన్నాడు. “మంచిగ ఆపినవ్.”

నేను వాణ్ని క్షమించానని చెప్పలేదు. చెప్పలేను, వసంత నుదురు ఇంకా నా కళ్లలోనే ఉంది, అది ఎక్కడికీ పోదు. ఎండలో నిలబడి, అరచేతిలోని బిస్కెట్ పొడిని గోడ కింద చీమలకు రాల్చాను.

“ఏ వార్డు?” అన్నాను.